ఐరిషు భాషలో వితంతువు పేరు

నిఘంటువు చదువుట యనిన మా విద్యార్థులకు శిక్ష, మాకు వ్యసనము. పనిలేని సాయంకాలమున నేదో యొక పదమును పట్టుకొని, దాని పుట్టుకను, బంధువర్గమును వెదకుచు గూర్చుండుట మాకు ఇరువదేండ్లుగా నలవాటు. ఇందువలన నెవరికి నేమి యుపకారమని మా యింటివారే యప్పుడప్పుడు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పదగిన సందర్భమొకటి యీ మధ్య తటస్థించినది గావున నీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా పాఠశాలలో పదవతరగతి చదువుచున్న బాలిక యొకతె విద్యార్థివేతనమునకై దరఖాస్తు తెచ్చి మా సంతకము గోరెను. తండ్రి పోయి నాలుగేండ్లయినది. తల్లి రెండెకరముల మెట్టను, అరయెకరము మాగాణిని తానే సాగుచేయుచు, రెండు గేదెలను మేపి పాలు పోయుచు, ఇద్దరు బిడ్డలను చదివించుచున్నది. ఈ సంగతి మే మెరుగుదుము. దరఖాస్తులో 'తల్లి వృత్తి' యను గడియందు మాత్రము ఎవరో గుండ్రని యక్షరములతో 'విధవ' యని వ్రాసియుండిరి. బాలిక యా గడిపై వ్రేలుంచి, "మాస్టారూ, మా అమ్మ చేసే పని ఇదా అండీ?" అని యడిగెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోయితిమి. వ్రాసినవాడు దుష్టుడు కాడు; లోకములో నున్న మాటనే వ్రాసినాడు. ఒక స్త్రీ తెల్లవారుజామున లేచి చేయు పనులన్నిటిని ఒక్క లేమిచే గప్పివేయగల శక్తి యా మాటకున్నది. చిక్కంతయు నచ్చటనే యున్నది.

ఆ రాత్రి మాకు ఐర్లండు దేశపు మాట యొకటి జ్ఞప్తికి వచ్చినది. ఆ దేశపు స్వభాషలో వితంతువును 'బాన్‌ట్రఖ్' అందురు. కడపటి యక్షరమును హైదరాబాదువారు 'ఖబరు' అనునపుడు పలుకు ఖకారమువలె గొంతులో నొరయునట్లు పలుకవలయును. మన 'విధవ' శబ్దము భర్త లేకుండుటను జెప్పును. ఈ పదములో భర్త ప్రసక్తియే లేదు. దీని కర్థము 'ఇంటిని సేద్యమును నడుపు స్త్రీ' యని. ఒకే దుఃఖమును రెండు జాతులు చూచిన చూపులలో నింత భేద మెట్లు గలిగినది? ఆ భేదమువలన నా దేశపు స్త్రీల కేమైన మేలు కలిగినదా? ఈ రెండు ప్రశ్నలే మా వ్యాసమునకు విషయములు.

ఐరిషు భాష యనిన ఆంగ్లమునకు నొక యాస యని తలంచువారు గలరు. అది పొరపాటు. ఐరిషు, స్కాట్లండు గేలిక్కు, వేల్సు దేశపు వెల్షు, ఫ్రాన్సులోని బ్రెటను, ఇవి కెల్టికు శాఖకు జెందిన భాషలు. ఆ శాఖ సంస్కృతమునకు, గ్రీకునకు, లాటినునకు దూరపు చుట్టము. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృతమునకును గ్రీకు లాటినులకును ఏకమూలత్వమును ప్రతిపాదించినపుడే, కెల్టికునుగూడ నా కుటుంబములో జేర్పవచ్చునని సూచించెను. 1853లో జర్మను పండితుడు త్సాయిస్ ప్రకటించిన కెల్టికు వ్యాకరణముతో నా సూచన శాస్త్రముగా స్థిరపడెను. ఈ శాస్త్రమునకు మన చెన్నపట్టణముతో నొక సంబంధము గలదు. డబ్లినులో 1830లో జనించిన విట్లీ స్టోక్సు అను న్యాయవాది 1862లో చెన్నపట్టణమునకు వచ్చి, 1865లో హిందూధర్మశాస్త్ర గ్రంథముల యాంగ్లానువాదములను గూర్చి యచ్చటనే ప్రకటించెను. పిదప 1877 మొదలు 1882 వరకు రాజప్రతినిధి సభలో న్యాయశాఖ సభ్యుడుగ నుండెను. ఆయనయే ప్రాచీన ఐరిషు గ్రంథముల నెన్నిటినో పరిష్కరించి, 1894లో మరియొక పండితునితో గూడి కెల్టికు ధాతుకోశమును వెలువరించెను. దాయభాగమును, ఐరిషు పురాణగాథను ఒకే వ్రాతబల్లపై నుంచుకొన్న పురుషుడని యాయనను జెప్పవచ్చును.

ఇక పదమును విడదీయుదము. ఇందు రెండు భాగములు గలవు: మొదటిది 'బన్', రెండవది 'ట్రెవ్‌థఖ్'. మొదటిదానికి స్త్రీ యని యర్థము. ఐరిషులో స్త్రీని 'బ్యాన్' అందురు. సమాసములో నది 'బన్' అగును. ఇది మన వేదములోని 'గ్నా' శబ్దమునకు సోదరి. ఋగ్వేదమున దేవస్త్రీలకు గ్నా లని పేరు. 'జని' యను మాటయు నీ కుటుంబములోనిదే. గకారమెక్కడ, బకారమెక్కడ యని చదువరులు శంకింపవచ్చును. మూలభాషలో కంఠ్యమును ఓష్ఠ్యమును గలసిన గకారమొకటి యుండెను. అది సంస్కృతమున గకార జకారములుగను, కెల్టికున బకారముగను మారినది. కావుననే మన 'గోవు' వారి 'బో'. మన 'జీవ' శబ్దము వారి 'బ్యో'. పైగా 'బ్యాన్' శబ్దమునకు షష్ఠి 'మ్నా' యని యుండును. 'గ్నా', 'మ్నా' లను ప్రక్కప్రక్కన నుంచి చూచిన నిక వేరు సాక్ష్యము వలదు.

ఈ యొక్క మూలశబ్దము లోకములో బొందిన గతులు వింతగ నున్నవి. ఇంగ్లండులో నిది 'క్వీన్' అయి సింహాసన మెక్కినది. పారసీకమున 'జన్' అయి, దానినుండి 'జనానా' పుట్టి, తెరచాటు గదులకు పేరై మన దేశమునకు వచ్చినది. మన వైదికభాషలో దేవతలకే యంకితమై, పిదప వాడుక తప్పినది. ఐర్లండులో మాత్రము ఇంటిలోను వీధిలోను సామాన్యస్త్రీకి పేరుగ నిలిచియున్నది. దేవిని 'బన్‌డియ' యందురు. అందలి 'డియ' మన దేవశబ్దమే. రాణిని 'బన్‌రీన్' అందురు. అందలి 'రీన్' మన 'రాజ్ఞీ' శబ్దమునకు జ్ఞాతి.

రెండవ భాగము 'ట్రెవ్‌థఖ్'. దీనికి మూలము 'ట్రెవ్': ఇల్లు, కుటుంబము, నివాసభూమి యని యర్థములు. వెల్షులో 'ట్రెవ్' అనిన గ్రామము, పట్టణము. జర్మనులో గ్రామమునకు వాడు 'డోర్ఫ్', ఆంగ్లదేశమున గ్రామనామముల చివర గానవచ్చు 'థార్ప్', ఇవియు దీని చుట్టములే. ఐరిషులో నీ మూలమునుండియే క్రియ పుట్టి, మొదట భూమిపై గాపురముండి సాగుచేయుట యనియు, పిదప కేవలము దున్నుట యనియు నర్థము నిచ్చినది. నేటికిని దున్నుటకు వారి మాట యదియే. 'ట్రెవ్‌థఖ్' అనగా గృహస్థుడు, సేద్యగాడు, కాపు. దానికి 'బన్' చేరగా, స్త్రీయైన గృహస్థు, స్త్రీయైన కాపు అని యైనది. ఇంటిబాధ్యతయు భూమిబాధ్యతయు సాధారణముగ భర్త మరణించిన పిమ్మటనే స్త్రీ చేతికి వచ్చుచుండుటచే, కాలక్రమమున నా పదము వితంతువునకు రూఢమైనది.

పాతవ్రాతలో 'ట్రెవ్' స్పష్టముగ గానవచ్చుచుండెను. ఐరిషువారు బకారమునకు ప్రక్క హకారము వ్రాసి వకారముగ బలుకుదురు. ఆ రెండక్షరములును పదమధ్యమున నుండెడివి. ఉచ్చారణలో నవి కరగిపోయియుండుటచే, 1945 మొదలు 1958 వరకు ఐర్లండు ప్రభుత్వము వర్ణక్రమమును సంస్కరించినపుడు వానిని తొలగించిరి. నేటి బాలుడు పదమును జూచి యందు దాగియున్న నాగలిని గుర్తింపజాలడు. శబ్దసామ్యమును నమ్మి మోసపోవుటయు సులభమే. కార్కు మండలములో 'బాంట్రీ' యను పట్టణము గలదు. ఆ పేరునకును వితంతువునకును సంబంధము లేదు. అది యొక ప్రాచీనవంశపు పేరునుండి వచ్చినది.

చదువరులకు మరియొక సందేహము గలుగవచ్చును: మన 'విధవ' వంటి మాట వారికి మొదటినుండియు లేదా? లేకపోలేదు; ఆసక్తికరమైన భాగ మిదియే. ప్రాచీన ఐరిషులో వితంతువునకు 'ఫెద్వ్' అను మాట యుండెను. అది సాక్షాత్తు మన 'విధవా' శబ్దమే. లాటిను 'విదువ', ఆంగ్ల 'విడో', జర్మను 'విట్వె', రష్యను 'వ్దొవా', వెల్షు 'గ్వెద్దూ', ఇవన్నియు నొకతల్లి బిడ్డలు. వేల వత్సరముల క్రిందట నీ జాతుల పూర్వులు భర్త పోయిన స్త్రీని ఒకే మాటతో బిలిచిరి. దాని ధాత్వర్థము వేరగుట, లోపించుట. తక్కిన జాతులన్నియు నా మాటను నేటివరకు మోయుచున్నవి. ఐరిషువారు దానిని క్రమముగ జారవిడిచి, 'బాన్‌ట్రఖ్' శబ్దమును దాని స్థానమున నిలిపిరి. స్కాట్లండు గేలిక్కులోను నిదియే మాట. ఇరుగుపొరుగైన వెల్షువారు మాత్రము పాతదానినే యుంచుకొనిరి.

మన 'విధవా' శబ్దమునకు మనవారు చెప్పుకొను వ్యుత్పత్తి వేరు. 'ధవుడు' అనగా భర్త. వాడు లేనిది 'విధవ' యని బాలురకు మేమును జెప్పుచుంటిమి. నిరుక్తకారుడైన యాస్కుడే యితర వ్యుత్పత్తులతోపాటు దీనిని సూచించియున్నాడు. అమరకోశమున ధవశబ్దము భర్తృనామములలో జేరియున్నది. కాని పైని జెప్పిన చుట్టపుభాషలలో నెందును 'ధవ' యను మగనిపేరు విడిగ గానరాదు. 'విధవా' మాత్ర మన్నిట గలదు. కావున 'విధవా' యే ముందు పుట్టినది. దానిని వి, ధవ యని విరుచుటవలన 'ధవుడు' పిమ్మట పుట్టినాడు. మగడు లేకుండుటచే నామెకు పేరు వచ్చినదని మనము తలంచుచుండగా, ఆమె పేరునుండియే మగనికి పేరు వచ్చినది! చరిత్ర యెంత పరిహాసప్రియమైనదో చూడుడు.

వ్యాకరణ విషయమును గొంత ముచ్చటింతుము. ఐరిషులో బాన్‌ట్రఖ్ స్త్రీలింగము. ప్రథమైకవచనము 'బాన్‌ట్రఖ్', షష్ఠి 'బాన్‌ట్రీ', బహువచనము 'బాన్‌ట్రఖా'. వ్యాకర్తలు దీనిని రెండవ గణమున జేర్చిరి. ఆ గణము ముఖ్యముగ ప్రాచీన ఆకారాంత స్త్రీలింగ శబ్దములనుండి వచ్చినది. అనగా మనము బాల్యమున వల్లించిన రమాశబ్దపు తరగతి. అందు షష్ఠ్యంతము విశేష్యమునకు ముందు గాక వెనుక వచ్చును: 'పిన్షన్ బాన్‌ట్రీ' యనిన వితంతువు పింఛను.

అంతకన్న విశేషము పదాదిని జరుగు మార్పు. 'ఆ వితంతువు' అనుటకు 'అన్' అను నుపపదమును జేర్పగా 'అన్ వాన్‌ట్రఖ్' అగును, బకారము వకారమైనది. మనకిది క్రొత్త గాదు. 'వాడు పోయెను' అనునది 'వాడు వోయెను' అగునని గసడదవాదేశమున జదివినవారమే. ఐరిషులో దీనికి గారణము, ఆ యుపపదము పూర్వ మాకారాంతమై యుండుట. రెండచ్చుల నడుమ జిక్కిన బకారము మెత్తబడినది. పిదప ఆకారము లోపించినను మెత్తదనము మిగిలినది. షష్ఠ్యేకవచనమున నుపపదము సకారాంతమగుటచే 'నా బాన్‌ట్రీ' యని బకారము చెడక నిలిచినది. షష్ఠీబహువచనమున 'నా మాన్‌ట్రఖ్' అగును, బకారము మకారమైనది. మన 'విధవానామ్' అను రూపమున జివర మకారమున్నది గదా. అట్టి యనునాసిక మొకటి వారి యుపపదము చివర నుండి, తాను లోపించుచు దరువాతి హల్లునకు దన రంగు పూసిపోయినది. పోయినవారి గుర్తులు మిగిలినవారిపై నిలుచుట వ్యాకరణమునందును గలదు.

లింగవిషయము మరియు వింతగ నున్నది. భార్య పోయిన పురుషునకు ఐరిషులో వేరు మాట లేదు. 'బాన్‌ట్రఖ్ ఫిర్' అందురు. అనగా 'పురుష వితంతువు'. గడ్డము మీసములు గల పురుషుడు 'స్త్రీయైన కాపు' అను స్త్రీలింగశబ్దములో దలదాచుకొనుచున్నాడు. 'బాలిక' యను నర్థముగల వారి 'కాలీన్' శబ్దము పుంలింగము! నవ్వవలసిన పనిలేదు. సంస్కృతమున భార్య స్త్రీలింగమైనను, 'దారాః' పుంలింగ బహువచనము, 'కలత్రమ్' నపుంసకము. మన తెలుగులో స్త్రీ యేకవచనమున అమహత్తువలె జెప్పబడి 'వచ్చినది' యగును. ఆవుదూడకును నదియే క్రియ. బహువచనమున మాత్రము పురుషులతో సమముగ 'వచ్చిరి' యగును. లింగమును జూచి జాతి యొక్క హృదయమును నిర్ణయించుట సాహసము. పద మే యర్థమునుండి పుట్టినదో చూచుట యంతకన్న నమ్మదగిన మార్గము.

అట్లైన ప్రాచీన ఐర్లండులో స్త్రీ స్వతంత్రురాలా? కాదు. అచ్చటి ధర్మశాస్త్రములు చాలవరకు క్రీస్తుశకము 7, 8 శతాబ్దములవి. అందొక గ్రంథము స్త్రీని బాల్యమున తండ్రియు, పెండ్లియైన పిమ్మట భర్తయు, తదుపరి కుమారులును రక్షింపవలెనని చెప్పుచున్నది. ఈ మాట విన్న వెంటనే మనకు మనువు జ్ఞప్తికి వచ్చును. పాశ్చాత్య పండితులకును వచ్చినది. 1936లో డబ్లినునుండి వెలువడిన ప్రాచీన ఐరిషు ధర్మవిమర్శన గ్రంథమున స్త్రీదాయమునుగూర్చి వ్రాసిన మైల్సు డిల్లను సంస్కృతమును నేర్చినవాడు. కెల్టులకును ఆర్యులకును గల పోలికలపై నాయన గ్రంథము మరణానంతరము 1975లో మన సిమ్లానగరముననే యచ్చయినది.

అయినను నా ధర్మమున గొన్ని కిటికీలుండెను. సోదరులు లేని కుమార్తె తండ్రి భూమిని తన జీవితకాలము ననుభవింపవచ్చును. ఆమెను 'స్త్రీ వారసు' అను నర్థముగల మాటతో బిలిచిరి; అందును మొదటి భాగము 'బన్' శబ్దమే. ఆమె మరణించిన పిదప భూమి తండ్రివంశమునకు మరలును. మన న్యాయస్థానములలో వితంతువున కుండిన పరిమితహక్కును దలంచుకొనుడు. క్రీస్తుశకము 700 ప్రాంతమున నేర్పడిన దాంపత్యధర్మ గ్రంథము సంసారములను సంపదనుబట్టి విభజించుచున్నది: ఇరువురు సమముగ సొత్తు తెచ్చినది యొకటి, పురుషుని సొత్తుపై నడచునది యొకటి, స్త్రీ సొత్తుపై పురుషుడు నడచునది యొకటి. మూడవదానియందు స్త్రీదే పైచేయి. భూమిని నడుపు స్త్రీ యను భావన యా సంఘమునకు దెలియనిది గాదనుట కిది చాలును. 'బాన్‌ట్రఖ్' అట్టి నేలలో మొలచిన మాట.

కాని మాట యన్నము పెట్టదు. 17వ శతాబ్దిప్రారంభమున నాంగ్లేయుల న్యాయము దేశమంతట నెలకొని, పాతధర్మము మూలబడినది. కౌలుదారులైన బీదరైతులు ఉర్లగడ్డపై బ్రతుకుచుండిరి. 1845లో నా పైరుకు తెగులు సోకి మహాక్షామము వచ్చినది. 1841లో 81 లక్షలున్న జనసంఖ్య 1851 నాటికి 65 లక్షలకు దిగినది. సుమారు పదిలక్షలమంది చనిపోయిరి, అంతకు దక్కువగాక దేశము విడిచిపోయిరి. 1847లో బీదల సహాయచట్టమును విస్తరించుచు, ఇద్దరు లేక యంతకు మించి బిడ్డలుగల బీద వితంతువులకు అనాథశాలలో జేరకయే సహాయ మీయవచ్చునని ప్రభుత్వము నిర్ణయించెను. ఇది దయగల నిబంధనయే. దాని ప్రక్కనే వేరొక నిబంధన యుండెను: పావుయెకరమునకు మించి భూమిని సాగుచేయువారు దానిని వదలుకొన్నగాని సహాయమునకు దగరు. ఇంటిని సేద్యమును నడుపునది యని పేరుగల స్త్రీ, బిడ్డల కింత గంజి దొరకుటకై, ఆ పేరునకు గారణమైన నేలనే విడువవలసివచ్చెను. పేరు మిగిలినది, నేల పోయినది. మాటలలోని గౌరవమును జూచి మురిసిపోవువా రీ చట్టమును మరువరాదు.

ఆ పావుయెకరపు నిబంధనను బ్రతిపాదించినవాడు విలియం గ్రెగరీ. పిమ్మట సింహళద్వీపమునకు గవర్నరుగ నుండి, 1880లో తనకన్న ముప్పదియైదేండ్లు చిన్నయైన అగస్టాను ద్వితీయవివాహము చేసికొని, 1892లో మరణించెను. అప్పటికి ఆమె వయస్సు ఇంచుమించుగ నలువదేండ్లు. ఆమె తుదివరకు నల్లని వస్త్రములే ధరించెను. కాని మూలగదిలో గూర్చుండలేదు. గాల్వే మండలములోని కూల్ అను గ్రామమునందలి జమీను వ్యవహారములను దాను జూచుకొనుచు, కుమారుని బెంచుచు, నడివయస్సున ఐరిషు భాషను నేర్చెను. పల్లెలలోని ముసలివారివద్ద గాథలను సేకరించి 1902లో వీరచరిత్రమును బ్రకటించెను. కవి యేట్సు మొదలగువారితో గలసి 1904లో డబ్లినున ఆబీ నాటకశాలను స్థాపించెను. మన రవీంద్రుని 'డాక్‌ఘర్' 1913లో నా వేదికపైననే ప్రదర్శింపబడినది. ఆమె 1932లో మరణించెను. భర్త చేసిన నిబంధన యెందరు వితంతువుల చేతినుండి భూమిని తీసికొన్నదో యా లెక్క యామె తీర్చగలిగినది గాదు. కాని యే బీదపల్లెల నోట నా భాష యడుగంటుచుండెనో, ఆ పల్లెలకు వినయముతో బోయి నేర్చుకొని, ప్రపంచముచే గౌరవింపజేసినది. సంపన్నురాలు గదా యని కొంద రనవచ్చును. సంపద యున్నను మూలగూర్చుండబెట్టబడిన స్త్రీలను మనము చూడలేదా?

బీదవారిమాట 1935లో వచ్చినది. స్వతంత్ర ఐర్లండు ప్రభుత్వ మా యేడు వితంతువులకును, తండ్రిలేని బిడ్డలకును పింఛను లిచ్చు చట్టమును జేసెను. భూమిని వదలుకొని గంజి త్రాగుమన్న చట్టమునకును దీనికిని నడుమ ఎనుబదియెనిమిదేండ్లు. పైని వ్యాకరణమున నుదాహరించిన 'పిన్షన్ బాన్‌ట్రీ' యను ప్రయోగమునకు వెల యెంతో యిప్పుడు చదువరులు గ్రహింపగలరు.

ఇక మన యింటికి వత్తము. మన భాషలో నీమెకు గల పేర్లను లెక్కించి చూడుడు. 'విధవ' లేమిని జెప్పును. 'వితంతువు' తంతువు, అనగా సూత్రము, తెగినదని జనులు చెప్పుకొందురు. 'ముండ' తల గొరిగించిన క్రూరాచారమునకు సాక్షి. 'పూర్వసువాసిని' యని మర్యాదగ జెప్పినను, మర్యాద యంతయు 'పూర్వ' శబ్దములోనే యున్నది. ఇల్లు నడుపు స్త్రీని 'ఇల్లాలు' అని యెంతో యందముగ బిలిచిన జాతి మనది. భర్త పోయిన దినముననే యామెనుండి యా పేరును దీసివేయుదుము. ఐరిషువా రా దినముననే యామెకు గృహస్థు పేరు పెట్టిరి! అంతటితో దీరలేదు. 'విధవ' శబ్దమును 'వెధవ' గ జేసి, అల్లరి బాలుని మొదలు అధికారివరకు నెవరిని దిట్టవలసినను వాడుచున్నాము. మేమును దరగతిలో నెన్నిసారులో వాడినవారమే. ఆ దరఖాస్తు చూచిన దినమున, మా తరగతిలో దండ్రిలేని బిడ్డ లెందరు కూర్చుండి యా తిట్టు వినియుందురో యని మొదటిసారి సిగ్గుపడితిమి.

చట్టములు మాటలకన్న ముందు నడచినవి. 1856లో వితంతు పునర్వివాహ చట్టము వచ్చినది. కాని పునర్వివాహము చేసికొన్న స్త్రీ మొదటి భర్త యాస్తిపై హక్కు గోల్పోవునని యందే యున్నది. పెండ్లి నిచ్చి నేలను దీసికొన్నది. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. మారుమనువు గల శ్రమజీవుల కులము లనేక ముండగా, అగ్రవర్ణములవారికి దాని నొప్పించుట కంత పోరాటము కావలసినది. 1937 చట్టము భర్త యాస్తిలో భార్యకు పరిమితహక్కు నిచ్చెను. 1956 చట్టము దానిని సంపూర్ణహక్కుగ జేసెను. అనగా చట్టము దృష్టిలో మన వితంతువు గృహస్థురాలు, భూస్వామిని, కాపు. మన నోటిలో మాత్ర మామె యింకను 'లేనిది' గానే యున్నది.

ఐరిషు మాటను దెచ్చి తెలుగున వాడుడని మేము చెప్పబోము. క్రొత్తపదమును గల్పించినను మనస్సు మారనిచో, నదియు నాలుగేండ్లలో మైలపడును. మా మనవి చిన్నది. ఒకతె మరణించినవానికి ఏమి కావలెనో యొక గడిలో వ్రాయవలసినచో వ్రాయుడు. ఆమె యేమి చేయుచున్నదో యడిగిన గడిలో మాత్ర మామె చేయు పనిని వ్రాయుడు. పొలముగట్టున నున్నదానిని కాపు అనుడు. బడిలో నున్నదానిని ఉపాధ్యాయిని యనుడు. పిల్లవానిని మందలింప వలసివచ్చినపుడు, మరియొకరి తల్లి దుఃఖమును దిట్టుగ జేయకుడు. ఇందుకు చట్టము వలదు, చందాలు వలదు.

మరునాడు బాలికను బిలిచి, ఆ గడిలోని మాటను గొట్టివేసి, దానిపై 'వ్యవసాయము, పాడి' యని వ్రాసి, ప్రక్కన మా సంతకము చేసితిమి. కొట్టివేతలున్న దరఖాస్తును పైవారు త్రోసివేయుదురేమో యని యా పిల్ల భయపడినది. త్రోసివేసినచో క్రొత్తదానిని మేమే తెచ్చి నింపెదమని చెప్పితిమి. ఆమె కాగితమును రెండుసార్లు చదివికొని, మడతపెట్టి, సంచిలో బెట్టుకొని పోయెను.